మిషన్ మీద తెల్లగుడ్డ

ఆ శనివారం కూడా గడియారం ఏడు కొట్టేసరికి ఉపదేశిగారు మేడ దిగి దుకాణంలోకి వచ్చారు. తన కుట్టుమిషన్ మీద కప్పిన తెల్లగుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, దానికి వేలాడే నాడాలు లోపలికి దోపి కిటికీ గట్టు మీద పెట్టారు. మిషన్‌కి నూనె వేసి, చక్రం రెండుసార్లు తిప్పి, వేళ్లు పంట్లాముకి తుడుచుకున్నారు. ఆయన పంట్లాములన్నిటికీ కుడితొడ మీద ఒకేచోట నూనె మరక ఉంటుంది. ఆ మరకతో పోట్లాడీ పోట్లాడీ ఆయన భార్య ఎప్పుడో విసిగి వదిలేసింది.

పైన ఇల్లు, కింద దుకాణం. అక్కడ కుట్టేవన్నీ చర్చికి వెళ్లే బట్టలే. గురువులు పూజలో తొడుక్కునే తెల్ల అంగీలు, బలిపీఠం మీద పరిచే గుడ్డలు, పాటలు పాడేవాళ్ల గౌన్లు. యజమాని కుట్టుపనిలో ఎంత దిట్టో, మాటలో అంత దిట్ట. విచారణలో, అంటే ఆ చర్చికి చెందిన ప్రాంతంలో, సత్యోపదేశం చెబుతారు కాబట్టి అందరూ ఆయన్ని ఉపదేశిగారనే పిలుస్తారు. ఈ నెలంతా శనివారాలు పదింటికి చర్చి హాల్లో కతోలిక శ్రీసభ సామాజిక బోధన మీద క్లాసు చెబుతున్నారు. ఈ వారం పాఠం శ్రమ, మనిషి గౌరవం.

దుకాణంలో ఆరుగురు ఆడవాళ్లు చేత్తో హెమ్మింగ్ చేస్తారు, కాజాలు కుడతారు. పదకొండు నెలల కిందటి వరకూ వాళ్లకి ఆరు స్టూళ్లుండేవి. ఒకరోజు ఓ పెద్ద చర్చి నుంచి అంగీ ఒకటి తిరిగొచ్చింది. దాని ముందుభాగంలో చిటికెనవేలి గోరంత మరక. ఒళ్లో పెట్టుకుని కుడితే మరకలు పడక ఏమవుతాయని, ఇది బలిపీఠం దగ్గరికెళ్లే బట్టగానీ మీ ఇంటి దిండు గలీబు కాదని ఉపదేశిగారు విరుచుకుపడి, ఆ మధ్యాహ్నమే ఆరు స్టూళ్లనీ అటకెక్కించారు. అప్పటినుంచి హెమ్మింగ్ అంతా నడుమెత్తు బల్ల మీద, నిలబడే. తెల్లబట్ట ఎవరి ఒడికీ తగలకూడదు. గాల్లో వేలాడుతూ కుట్టమనలేదు, నయం అని కాజాలావిడ అంటే ఆ మొదటిరోజు అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి నవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది.

శనివారం పనివాళ్లకి సెలవు. ఇంటి మనిషికి మాత్రం సెలవేమిటి? అందుకే పెద్దక్క ఒక్కతే బల్ల దగ్గర నిలబడి, మర్నాడు మేత్రాణులు, అంటే బిషప్‌గారు, వచ్చి పూజ చేసే బలిపీఠం గుడ్డకి అంచు కుడుతోంది. ఆరుగురిలో ఒకరైన ఆవిడ ఉపదేశిగారికి సొంత అక్క. వయసు అరవై మూడు. భర్త పోయాక ఒక కత్తెరా, సూదులూ దారాలూ పెట్టుకునే రేకు డబ్బా పట్టుకుని ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లయింది. తమ్ముడికి తొమ్మిదో ఏట సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. వీధంతా ఆవిడని పెద్దక్కా అనే పిలుస్తుంది.

ఉపదేశిగారు కళ్లజోడు మర్చిపోయి పైకెళితే తీసుకెళ్లడానికి ఆయన కూతురు కిందికి దిగింది. బళ్లో పాఠాలు చెబుతుంది, ఇంట్లో కూడా చెబుతూనే ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ టీచరమ్మే. గుమ్మంలోనే ఆగిపోయింది. మేనత్త చీర పైకి దోపి, ఒక కాలు మడిచి కొంగలా నిలబడి ఉంది. రెండు కాళ్లకీ మోకాళ్ల కింద నుంచి చీలమండల దాకా తెల్ల పేలికలు చుట్టి ఉన్నాయి. అంగీలు కత్తిరించగా మిగిలిన పేలికలు.

"ఏంటత్తా ఇది?"

"నరాలు పొంగాయి. గట్టిగా చుడితే కాస్త నిలబడనిస్తున్నాయి."

"ఎన్నాళ్లనుంచి?"

"నీకు కావలసింది కళ్లజోడా, నా కాళ్ల కథా?" అంది పెద్దక్క సూది మీంచి చూపు తిప్పకుండా. "కళ్లజోడు కిటికీ దగ్గరుంది."

టీచరమ్మ కళ్లజోడు తీసుకుని ఉడికిపోతూ పైకెళ్లింది. టిఫిన్ల దగ్గర తండ్రీకూతుళ్లకి మాటామాటా పెరిగింది. ఆ స్టూళ్లు ఈ రోజే దించమని ఆమె, దుకాణం సంగతి నీకెందుకని ఆయన. కాళ్లు నొప్పని మా అక్క నాతో ఒక్కనాడైనా అందా అని ఆయన, అనేదాకా కళ్లు మూసుకునుంటారా అని ఆమె. వంటింట్లో నుంచి ఆమె తల్లి, తానూ పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాననీ, తన కాళ్ల మీద ఇంతవరకూ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదనీ, శనివారమైనా మనుషుల్ని ప్రశాంతంగా తిననివ్వమనీ కేకేసింది.

"మీరు పదింటికి చదవబోయే కాగితం రాసింది నేనే నాన్నా," అంది టీచరమ్మ. "అందులో మూడో పేరా ఇంకోసారి చూసుకుని వెళ్లండి."

"నీ చేత రాయించుకోవడం నాదే బుద్ధితక్కువ," అని ఆయన పళ్లెం తోసేసి లేచారు.

హాల్లో ముప్పైమంది దాకా ఉన్నారు. ముందు వరసలో ఫాదర్‌గారు. ఆఖరి వరసలో, గోడవారగా పెద్దక్క. నిజం చెప్పాలంటే ఆవిడ ఆ క్లాసుకి వచ్చేది బోధ కోసం కాదు, కుర్చీ కోసం. ఇంట్లో శనివారం కూర్చుంటే పని ఆగినట్టు. చర్చి హాల్లో కూర్చుంటే భక్తి. ఆ గంటసేపూ చెప్పులు విప్పి, ముందు కుర్చీ కిందికి కాళ్లు చాపుకుని, ఎవరేం చెబుతున్నా తలూపుతూ ఉండేది. వారం మొత్తంలో ఆవిడకి సొంతమైన గంట అదొక్కటే.

ఉపదేశిగారు బాగా మాట్లాడారు. ఆయనెప్పుడూ బాగానే మాట్లాడతారు. పని కన్నా పనిచేసే మనిషి గొప్ప అన్నారు. ఆ గౌరవం యజమాని దయతలిచి ఇచ్చేది కాదు, పుట్టుకతోనే దేవుడిచ్చింది, తీసేసే హక్కు ఎవరికీ లేదన్నారు. తనకి పని నేర్పిన గురువు తన అక్కేనని, చిన్నప్పుడు బట్ట ముట్టుకోబోతే చాలు, చేతులు కడుక్కున్నావా అని అడిగి గాని సూది ఇచ్చేది కాదని చెప్పి నవ్వించారు. అందరూ వెనక్కి తిరిగి పెద్దక్కని చూశారు. ఆవిడ కాళ్లు గబుక్కున వెనక్కి లాక్కుంది.

ఎవరికైనా సందేహాలున్నాయా అని ఆయన అడగడమే ఆలస్యం, టీచరమ్మ లేచింది. మా దుకాణంలో ఆరుగురు ఆడవాళ్లు పదకొండు నెలలుగా కూర్చోకుండా పనిచేస్తున్నారని, ఆరు స్టూళ్లు అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్నాయని, ఆ గౌరవం మా మెట్లు దిగే దారిలో ఎక్కడ పోయిందో ఉపదేశిగారు చెప్పాలని అడిగింది. ఉపదేశిగారి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఫాదర్‌గారు గొంతు సవరించుకుని, ఇది తర్వాత మాట్లాడుకుందామమ్మా అన్నారు. అక్కడితో ఆమె ఆగి ఉంటే సరిపోయేది.

"నా మాట నమ్మకపోతే చూడండి," అని టీచరమ్మ వెనక్కి తిరిగింది. "అత్తా, లే. లేచి నీ కాళ్ల కట్లు చూపించు వీళ్లకి."

పెద్దక్క కాసేపు అలాగే కూర్చుని మేనకోడలి ముఖంలోకి చూసింది. తర్వాత ముందు కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా లేచింది. ముప్పైమంది ఆవిడ కాళ్లకేసి చూశారు. చీర అంచు కింద కట్లు కనబడి ఎవరో అయ్యో అన్నారు. ఆవిడ చెప్పుల్లో కాళ్లు దూర్చి, కాస్త కుంటుతూ, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచి వెళ్లిపోయింది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి. ఆ సంగతి ఆ క్షణంలో టీచరమ్మకి అర్థం కాలేదు. గెలిచానన్న వేడిలో ఉంది ఆమె.

ఇంటికొచ్చాక దుకాణంలోనే అంతా బద్దలైంది. వీధి తలుపు వెయ్యడం కూడా మర్చిపోయి ఉపదేశిగారు కూతురి మీద నిప్పులు కక్కారు. నలుగురిలో పరువు తీశావన్నారు, రేపు మేత్రాణుల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలన్నారు, కన్నకూతురు కాబట్టి బతికిపోయావన్నారు. ఆయన భార్య మెట్ల మీద నిలబడి భర్తకి వంతపాడింది. టీచరమ్మ కూడా తక్కువ తినలేదు. హాల్లో ఒకటి, దుకాణంలో ఒకటి మాట్లాడేవాళ్లని ఏమంటారో బైబిల్లోనే ఉందంది.

"చాలు, నోరుముయ్యి!" అన్నారాయన. "తండ్రినని కూడా చూడకుండా అందరి ముందూ నన్ను నిలబెట్టావు."

"నిలబెట్టింది నిన్ను కాదు," అంది పెద్దక్క. "నన్ను."

ఆవిడ బల్ల చివర తన రేకు డబ్బా సర్దుకుంటోంది. కత్తెర, సూదుల పొట్లం, అరిగిపోయిన ఇత్తడి వేలితొడుగు. బల్ల మీద బలిపీఠం గుడ్డ పరిచే ఉంది, ఒక మూర అంచు ఇంకా కుట్టాల్సి ఉంది.

"మఠం సిస్టర్లు ఎప్పటినుంచో రమ్మంటున్నారు," అంది. "వాళ్ల హాస్టల్లో కుట్టుగది ఉంది, అందులో కుర్చీలున్నాయి. మధ్యాహ్నం బస్సుకి వెళ్తాను."

టీచరమ్మ బిత్తరపోయింది. "అత్తా, నేను నీ కోసమే కదా..."

"నా కోసమా?" పెద్దక్క చేతిలో పొట్లం కింద పెట్టింది. "నువ్వు లేవమన్నావు, లేచాను. వీడు నిలబడమన్నాడు, నిలబడ్డాను. నీకేం కావాలి అని మీ ఇద్దరిలో ఒక్కరు నన్నడిగారా? పదకొండు నెలలుగా నీ గది కిందే నిలబడున్నానమ్మా. ఆ కాగితం రాసేముందు ఒక్కసారి మెట్లు దిగి, అత్తా, ఎలా ఉన్నావని అడగాల్సింది. అడగలేదు. పొద్దున్న నా కాళ్లు చూశావు, పదింటికల్లా ఊరందరికీ చూపించావు. అవి నా కాళ్లే. వాటిని ఎవరికి చూపించాలో నేను చెప్పాలి, నువ్వు కాదు."

టీచరమ్మకి ఏడుపొచ్చింది. వారానికి ఒక్క గంట కూర్చునే మనిషిని ఆ గంటలో కూడా లేపి నిలబెట్టింది తానేనని అప్పుడు తెలిసొచ్చింది.

కూతురికి అక్క గడ్డి పెట్టిందని ఉపదేశిగారు కొంచెం తేరుకున్నారు. గొంతు తగ్గించి, పోనీలే అక్కా, దానికి బుద్ధిలేదు, రేపటి గుడ్డ అయితే పూర్తిచెయ్యి, మిగతావి తర్వాత చూద్దాం అన్నారు. పెద్దక్క కుంటుతూ ఆయన మిషన్ దగ్గరికెళ్లి, కిటికీ గట్టు మీది తెల్లగుడ్డ తీసుకుంది.

"అదెందుకు? అది మిషన్ మీద కప్పేది," అన్నారాయన.

"కాదు. ఇది నాది."

ఆవిడ మడతలు విప్పి, గుడ్డని నడుముకి ఆనించి, నాడాలు వెనక్కి తీసి ముడివేసింది. అది మోకాళ్ల కింది దాకా తెల్లగా పరుచుకుంది. నడుం దగ్గర సన్నని కుచ్చిళ్లు, రెండు పక్కలా బట్ట జారకుండా ఎత్తుగా మడిచిన అంచులు. అది ఏ మిషన్ కొలతకీ కుట్టింది కాదు. కూర్చున్న మనిషి ఒడి కొలతకి కుట్టింది.

"నువ్వు స్టూళ్లు అటకెక్కించిన సాయంత్రమే కుట్టాను," అంది పెద్దక్క. "మరక భయమైతే రోజూ ఉతికిన ఒడిగుడ్డ కట్టుకుని కూర్చుంటాం, ఆరుగురికీ ఆరు కుట్టిస్తానన్నాను. గుర్తుందా? ఇదేమన్నా ఆసుపత్రా అన్నావు. నా చేతిలోంచి లాక్కుని నీ మిషన్ మీద కప్పావు. రోజూ పొద్దున్నే దీన్ని నువ్వు మడతపెడుతుంటే చూస్తూనే ఉన్నాను."

మెట్ల మీద నుంచి ఉపదేశిగారి భార్య మెల్లగా అంది, "నాకు తెలుసు వదినా. ఉతికిన ప్రతిసారీ ఆ నాడాలు చూసేదాన్ని. అడిగితే ఇంట్లో గొడవవుతుందని ఊరుకున్నాను." ఇందాక భర్త వైపు అంత గట్టిగా మాట్లాడిన గొంతు ఎటుపోయిందో, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ మెట్టు మీదే కూలబడింది.

"ఇంకొక్క మాట అడిగి వెళ్లిపోతాను తమ్ముడూ," అంది పెద్దక్క. "తిరిగొచ్చిన అంగీ మీద మరక ఏం మరక?"

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"నేనే ఉతికాను కదా, నాకు తెలీదా. మిషన్ నూనె. మా ఆరుగురిలో ఒక్కరం కూడా మిషన్ ముట్టుకోం. మా ఒళ్లోకి నూనె ఎక్కణ్ణించి వచ్చింది?"

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. ఉపదేశిగారి చెయ్యి అలవాటుగా పంట్లాము మీదికి వెళ్లి, మరక దగ్గర ఆగిపోయింది. ఆయన కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో కూర్చోలేకపోయారు.

"తెలుసు," అన్నారు చివరికి. "ఆ రోజే తెలుసు. ఆ అంగీ భుజాలు కుట్టింది నేనే. అది నా మరకని... ఆడాళ్ల ముందు ఎలా ఒప్పుకోవాలో తెలీలేదక్కా. ఉపదేశిని కదా." ఆ మాటని ఆయన ఎప్పుడూ అంత చిన్న గొంతుతో అనలేదు. "మీ మీదికి తోసేస్తే తేలిగ్గా పోయింది. తర్వాత ఎన్నిసార్లు ఆ స్టూళ్లు దించుదామనుకున్నానో. దించితే తప్పొప్పుకున్నట్టే కదా అని..."

ఎవరూ ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చాలని ఎవరికీ అనిపించలేదు కూడా. కాసేపటికి ఆయనే కదిలి, మూలనున్న నిచ్చెన తెచ్చి అటకకి ఆనించారు. టీచరమ్మ పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపారు. ఆయాసపడుతూ ఎక్కుతూ దిగుతూ ఆరు స్టూళ్లూ ఒక్కొక్కటే దించారు. దుమ్ముకి దగ్గొచ్చి కళ్లు ఎర్రబడ్డాయి. అది దుమ్మువల్లే అని ఎవరైనా అనుకోవచ్చుగాని ఆయన భార్య అనుకోలేదు. ఒక గుడ్డ తెచ్చి స్టూళ్లు తుడవడం మొదలుపెట్టింది.

మొదటి స్టూలు చేత్తో పట్టుకుని ఉపదేశిగారు బల్ల ముందు నిలబడ్డారు. ఎప్పుడూ ఏది ఎక్కడుండాలో ఆయనే చెప్పేవారు.

"ఎక్కడ వెయ్యమంటావక్కా?"

పెద్దక్క రేకు డబ్బా వైపు, తలుపు వైపు చూసింది. ఉంటుందో వెళ్తుందో ముగ్గురికీ తెలియలేదు.

"కిటికీ దగ్గర," అంది. "వెలుతురుంటుంది. కానీ సోమవారం వాళ్లంతా వచ్చాక ఆ మరక ఎవరిదో నీ నోటితో చెబుతావు. చెప్పనంటే ఇప్పుడే చెప్పెయ్యి, బస్సుకి ఇంకా టైముంది."

"చెబుతాను."

"హాల్లో చెప్పినట్టు కథలా కాదు."

"కాదక్కా."

ఆవిడ కూర్చుంది. కూర్చోగానే కళ్లు మూసుకుంది, ఒక్క నిట్టూర్పు వచ్చింది. ఆ నిట్టూర్పు విని టీచరమ్మ ఇక ఆగలేక వచ్చి పక్కన నేల మీద కూలబడింది. క్షమించమనే మాట సగంలోనే ఏడుపైపోయింది. నేనేం చెయ్యనత్తా అని మాత్రం అడగగలిగింది.

"ఇప్పుడు అడిగావు," అంది పెద్దక్క. కోపం ఇంకా పూర్తిగా పోలేదు గాని చెయ్యి మేనకోడలి తల మీదికి వెళ్లింది. "సోమవారం కిందికి రా. కాజాలావిడనీ, మిగతావాళ్లనీ ఎవరికేం కావాలో అడుగు. వాళ్ల తరఫున నువ్వు మాట్లాడకు. వాళ్లకి నోళ్లున్నాయి. ఇప్పుడైతే ఈ కట్లు విప్పు, మరీ బిగుసుకున్నాయి."

టీచరమ్మ ఒక్కొక్క పేలికా విప్పసాగింది. తల్లి గోరువెచ్చని నీళ్లు తెస్తానని మెట్లెక్కింది. ఉపదేశిగారు ఇంకో స్టూలు తెచ్చుకుని అక్కకి ఎదురుగా కూర్చున్నారు. అంచు కుట్టాల్సింది ఇంకా ఒక మూర ఉంది. ఒకవైపు నుంచి ఆవిడ, రెండోవైపు నుంచి తాను మొదలుపెడితే తొందరగా అవుతుందనుకున్నారు కాబోలు, బలిపీఠం గుడ్డ కొస అందుకోబోయారు.

"చేతులు కడుక్కున్నావా?" అంది పెద్దక్క.

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నారు. పొద్దున్న వేసిన నూనె గోళ్ల చుట్టూ నల్లగా ఉంది. లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లారు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. మధ్యలో ఆయన ఏడుస్తున్న చప్పుడు కూడా వినిపించింది. ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురూ విన్నారు, ఎవరూ లేవలేదు.

"గోళ్ల సందుల్లో కూడా రుద్దు," అని పెద్దక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్న చోటి నుంచే కేకేసింది.